ఎనభై ఎకరాల అడవిలో నడిచే పద్ధతి

పిల్లలు ఇంగ్లండులో ఉద్యోగాల్లో కుదురుకున్నాక అమ్మానాన్నలను ఆరు నెలల వీసా మీద పిలిపించుకోవడం మన ఇళ్ళలో మామూలైంది. వచ్చిన పెద్దవాళ్ళకు ఏమేం చూపించాలో కూడా ఖరారైపోయింది: టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్, స్టోన్‌హెంజ్, టివిడేల్‌లోని బాలాజీ గుడి. ఊరి చివర గోధుమ చేల మధ్య నిలబడి ఉన్న చిన్న అడవి ఆ జాబితాలోకి ఎక్కదు.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి కేంబ్రిడ్జ్‌లో ఉంటాడు. అక్కడున్నన్నాళ్ళూ ఆ ఊరికి పడమరగా ఉన్న హేలీ వుడ్‌కీ, వీలైనప్పుడు సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌కీ పోతుంటాను. తిరగగా తిరగగా నాకు అర్థమైంది ఒక్కటే. ఇంగ్లండులోని చిన్న అడవి మనిషి ముట్టని చోటు కాదు, వందల ఏళ్ళుగా లెక్క ప్రకారం వాడుకున్న చోటు. వాడుకున్నవాళ్ళకు ఒక లెక్క ఉన్నప్పుడు, చూడబోయేవాళ్ళకూ ఒక పద్ధతి ఉండాలి. ఆ పద్ధతినే ఇక్కడ అంకెలు వేసి రాస్తున్నాను.

1. పెద్ద అడవి కోసం వెతకకండి

మనకు అడవి అంటే నల్లమల, మన్యం. బస్సులో గంటలు ప్రయాణం చేసినా తరగనిది. ఆ కొలత పట్టుకుని ఇంగ్లండు వెళ్తే నిరాశే. ఆ దేశంలో చెట్లున్న నేల దాదాపు పదో వంతు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ మొత్తంలో అది ఐదు శాతానికి పడిపోయింది. గనులకూ యుద్ధ కందకాలకూ కలప చాలక అవస్థ పడ్డాక, 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పెట్టి చెట్లు నాటడం మొదలుపెట్టారు. ఇప్పుడు కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఆ తర్వాతిదే.

పాత అడవి వేరు. ఇంగ్లండులో 1600 సంవత్సరం నుంచి ఎడతెగకుండా చెట్లున్న నేలనే ప్రాచీన వనంగా లెక్కిస్తారు. అంతకు ముందు చెట్లు నాటి అడవి పెంచడం అరుదు కాబట్టి, అప్పటికే ఉన్నది తనంతట తాను పుట్టిందే అయి ఉంటుందని లెక్క. బ్రిటన్ నేలలో అలాంటిది రెండున్నర శాతమే మిగిలింది. అదీ చిన్న చిన్న ముక్కలుగా. చాలావాటిని చుట్టి రావడానికి గంట, గంటన్నర చాలు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? 1972లో పుట్టిన వుడ్‌ల్యాండ్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థ చేతిలోనే వెయ్యికి పైగా అడవులున్నాయి. టికెట్ లేదు, గేటు దగ్గర కాపలా లేదు. పిల్లల ఇంటికి దగ్గరలో ఏది ఉందో ముందు అది చూడండి.

2. వెలుతురు లెక్క తెలుసుకుని వెళ్ళండి

ఎప్పుడు వెళ్ళినా ఒకేలా ఉండే అడవి కాదది. ఓక్, యాష్, హేజల్, మేపుల్ అన్నీ చలికాలంలో ఆకు రాల్చేస్తాయి. మార్చి నుంచి మే మధ్య దాకా కొమ్మలు ఇంకా పూర్తిగా ఆకు తొడగవు, ఎండ మాత్రం ముదురుతూ ఉంటుంది. నేల మీదికి వెలుతురు పడేది ఆ కొద్ది వారాలే. కింది మొక్కలన్నీ ఏడాది బతుకును ఆ వారాల్లోనే బతికేస్తాయి. ముందు తెల్లటి వుడ్ అనెమొనీ, వెనకే లేత పసుపు ఆక్స్‌లిప్, ఏప్రిల్ ఆఖరు నుంచి బ్లూబెల్. జూన్ వచ్చేసరికి పైన ఆకుల పందిరి మూసుకుంటుంది, కింద చీకటి, పూలు ఉండవు. "జూన్‌లో సెలవు దొరికింది, బ్లూబెల్స్ చూపిస్తా" అని తీసుకెళ్ళే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

హేలీకి పేరు తెచ్చింది ఆక్స్‌లిప్. ఇంగ్లండులో ఇది సఫోక్, ఎసెక్స్, కేంబ్రిడ్జ్‌షైర్ కలిసే ప్రాంతపు పాత అడవుల్లోనే విరివిగా కనిపిస్తుంది. ప్రిమ్‌రోజ్ అయితే ఒక్కో కాడకు ఒక్కో పువ్వు. ఆక్స్‌లిప్‌కు ఒకే కాడ మీద గుత్తి, గుత్తి అంతా ఒక పక్కకే తల వాల్చి ఉంటుంది. కౌస్లిప్ రంగు ఇంకా ముదురు, అది పచ్చిక బయళ్ళ మొక్క. ఈ మూడూ గుర్తుపట్టగలిగితే అక్కడి పెద్దలు మీతో మాట కలుపుతారు.

కాలం కూడా జరుగుతోంది. ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ పిట్టల గూళ్ళ లెక్క రాస్తున్నారు. అవి గుడ్లు పెట్టే సమయం అప్పటికంటే రెండు వారాలకు పైగా ముందుకు వచ్చింది. కాబట్టి పాత పుస్తకంలో రాసిన తేదీని నమ్ముకోకుండా, ఆ ఏడు పూలు వచ్చాయో లేదో కనుక్కుని బయల్దేరండి. డిసెంబరులో అయితే నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. భోజనం చేసి, కునుకు తీసి వెళ్దామనుకుంటే కుదరదు.

3. ముందు కాళ్ళ సంగతి చూసుకోండి

ఈ ప్రాంతపు పాత అడవులు చాలావరకు ఎందుకు మిగిలాయో అడిగితే జవాబు నేలలోనే ఉంది. హేలీ కింద ఉన్నది మంచుయుగపు హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన జిగట బంకమట్టి. నీరు ఇంకదు, నాగలి సాగదు. సేద్యానికి కష్టమైన నేల గనుక చెట్లకు వదిలేశారు. ఆ మట్టే ఇప్పుడు మీ చెప్పులు పీకుతుంది. ఏప్రిల్‌లో కూడా చీలమండ దాకా దిగబడే చోట్లుంటాయి.

రబ్బరు బూట్లు, కనీసం చీలమండ పైకి వచ్చే నడక బూట్లు ఉండాలి. చీరకట్టుతో రావాలనుకునే ఆడవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోవాలి, లేదా ఆ రోజుకు సల్వారు వేసుకోవాలి. ఒక్క లావుపాటి కోటుకంటే పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసి, పైన వాన ఆపే జాకెట్టు తొడుక్కోవడం మేలు. గొడుగు కొమ్మల్లో చిక్కుకుంటుంది. చేతికర్ర ఉంటే సిగ్గుపడకుండా పట్టుకోండి. అక్కడ పాతికేళ్ళవాళ్ళు కూడా కర్రలు పట్టుకునే నడుస్తారు.

4. దారి హక్కు ఎక్కడిదో తెలుసుకోండి

చాలా అడవులకు పొలాల్లోంచి నడిచే పోవాలి. మనవాళ్ళు మొదట జంకుతారు, "ఎవరి చేనో ఏమో, అరుస్తారేమో" అని. కంబానికి పసుపు బాణం ఉంటే అది నడిచేవాళ్ళ దారి, నీలం బాణం ఉంటే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా. భూమి రైతుదే, దాని మీద నడిచే హక్కు అందరిదీ. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఇలాంటి దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. పైరు వేసినా ఆ దారిని రైతు తెరిచే ఉంచాలి.

ఈ హక్కులు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్‌లో మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు పనివాళ్ళు, కుర్రకారు వందల మంది కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా ఎక్కారు. కొందరు జైలుకు వెళ్ళారు. 1949 చట్టం జాతీయ పార్కులను తెచ్చింది, నడక దారులను పటాల్లో నమోదు చేయించింది. 2000 చట్టం కొండలూ బీళ్ళూ నడకకు తెరిచింది. అడవులన్నిటినీ మాత్రం తెరవలేదు. పసుపు బాణం లేని ప్రైవేటు అడవిలోకి పోకండి. వైథమ్‌కైతే విశ్వవిద్యాలయం ఇచ్చే పర్మిట్ కావాలి.

ఆర్డినెన్స్ సర్వే వారి నారింజ అట్ట మ్యాపు ఒకటి కొనుక్కోండి. నాలుగు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు, నడక దారులన్నీ ఆకుపచ్చ గీతల్లో ఉంటాయి. అడవిలో ఫోన్ సిగ్నల్ పోయినా ఈ కాగితం పోదు. ఇంకొక్క మాట: మూసి ఉన్న గేటును దాటాక మూసేయండి, తెరిచి ఉన్నదాన్ని తెరిచే ఉంచండి. గొర్రెల యజమాని అన్నీ ఆలోచించే అలా పెట్టుకుని ఉంటాడు.

5. పూల మధ్యలోకి దిగకండి

అన్నిటికంటే ఎక్కువ గొడవ నేను మనవాళ్ళతో పెట్టుకునేది దీని మీదే. బ్లూబెల్స్ పూసిన వారం సోషల్ మీడియా అంతా నీలం. పట్టులంగా కట్టిన పాపను పూల నడుమ కూర్చోబెట్టి ఫొటో. పాప బరువెంత, పది కిలోలు. పాపను దింపిన తండ్రి, సర్దిన తల్లి, ఫొటో తీసిన బాబాయి, వాళ్ళ అడుగుల కిందే ఉంది నష్టమంతా.

బ్లూబెల్ దుంప మొక్క. పూసే వారాల్లోనే ఆకు ఎండ తాగి వచ్చే ఏటికి దుంపలో ఆహారం దాచాలి. ఆకు నలిగితే మళ్ళీ కొత్త ఆకు వేయదు, ఆ ఏడాది దుంపకు పస్తే. నాలుగుసార్లు తొక్కిన చోట మొక్క చచ్చి, నేల గట్టిపడి, కొత్త కాలిదారి పడుతుంది. మర్నాడు వచ్చినవాళ్ళు "ఇక్కడ దారి ఉందే" అని అందులోంచే పోతారు. విత్తనం నుంచి మళ్ళీ పువ్వు రావడానికి ఐదేళ్ళు, ఆ పైన. ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయని అంచనా. 1981 వన్యప్రాణి చట్టం కింద యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా వేళ్ళతో పీకడం నేరం. బ్లూబెల్ దుంపలు తవ్వి అమ్మడం యజమానికి కూడా నిషేధమే.

ఫొటో వద్దనడం లేదు. దారి మలుపు దగ్గర పాపను దారి మీదే నిలబెట్టి, ఫొటో తీసేవాళ్ళు వంగి కెమెరా కిందికి దించితే, వెనక నీలం అంతా వస్తుంది. మా మనవరాలి ఫొటోలన్నీ అలా తీసినవే.

6. మోడులు చూసి కంగారుపడకండి

హేలీకో బ్రాడ్‌ఫీల్డ్‌కో మొదటిసారి వచ్చినవాళ్ళు ఒకచోట ఆగి "అయ్యో, అడవిని నరికేశారే!" అంటారు. పాతిక గజాల మేర ఒక్క గుబురు కూడా ఉండదు. నేలబారు మోడులు, పక్కన కట్టలు కట్టిన పుల్లలు. అడవిని ఇన్నాళ్ళూ బతికించింది ఆ నరుకుడే.

జామాయిల్ వేసిన మన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొదలంటా కొడితే మోడు నుంచి పిలకలు లేచి రెండో కోతకు వస్తాయి. అక్కడ హేజల్, యాష్, మేపుల్‌లను అలాగే కోస్తారు, కాపిసింగ్ అంటారు. మన తోట మూడు నాలుగు కోతలకు అలిసిపోతుంది. ఆ మోడులు వందల ఏళ్ళు కోత ఇస్తూనే ఉంటాయి. సోమర్‌సెట్ చిత్తడి నేలల్లో సుమారు 5,800 ఏళ్ళ కిందట వేసిన స్వీట్ ట్రాక్ అనే కర్రబాటలోనూ ఇలా మోడు నుంచి లేచిన నిటారు వాసాలు దొరికాయి.

అడవిని మడులుగా విభజించి, ఏటా చలికాలంలో ఒక్కో మడి కొడతారు. పదేళ్ళు అటూఇటూగా మళ్ళీ మొదటి మడి వంతు వస్తుంది. ఆ హేజల్ పుల్లలతో గొర్రెలను ఆపే తడికలు, ఇళ్ళకు తడిక మీద మట్టి మెత్తిన గోడలు, గడ్డికప్పును బిగించే చీలలు, పొయ్యిలోకి వంటచెరకు. మధ్య మధ్య కొన్ని ఓక్ చెట్లను మాత్రం వదిలేస్తారు. అవి డెబ్భై ఎనభై ఏళ్ళు పెరిగాక దూలాలవుతాయి. పదేళ్ళకు పొయ్యికీ కంచెకూ, ఒక జీవితకాలానికి దూలానికి. ఒకే నేల నుంచి రెండు రకాల కోత.

మడి కొట్టగానే వెలుతురు పడుతుంది. ఒకటి రెండేళ్ళలో ఆక్స్‌లిప్, ప్రిమ్‌రోజ్ విరగబూస్తాయి. ఇంకొన్నేళ్ళకు దట్టమైన పొదలు, అందులో నైటింగేల్ గూళ్ళు. ఆ తర్వాత నీడ. ఒక మడిలో నీడ ముదిరేసరికి ఇంకో మడిలో వెలుతురు మొదలవుతుంది, అందుకే ఏ ఏడాదైనా అన్ని వయసుల అడవీ అక్కడే ఉంటుంది. చెట్టుకు కూడా ఇది మేలే. నరకని యాష్ చెట్టు ఆయుష్షు రెండు వందల ఏళ్ళ లెక్క. బ్రాడ్‌ఫీల్డ్‌లో ఐదు మీటర్లకు పైగా వెడల్పున్న యాష్ మోడు ఒకటుంది, దాని వయసు వెయ్యేళ్ళ దాకా ఉంటుందని అంచనా. అన్నట్టు, యాష్ మన మల్లె, పారిజాతం కుటుంబానికి చెందిన చెట్టే. చూస్తే ఎవరూ నమ్మరు.

బ్రాడ్‌ఫీల్డ్ ఒకప్పుడు బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠం ఆస్తి. అక్కడ ఈ కోత 1252 నుంచి కాగితాల మీద కనిపిస్తుంది, నేటికీ నడుస్తోంది. గడ్డి పోగుచేసే చెక్క దంతెలు తయారుచేసే కార్ఖానా ఒకటి పక్క ఊళ్ళో ఈ కలప మీదే నడిచింది. 1960లలో పొలం చేయడానికి ఈ అడవిలో కొంత భాగాన్ని వేళ్ళతో సహా పెకలించారు. 1970లో ప్రకృతి సంరక్షణ సంఘం కొనబట్టి మిగతాది దక్కింది. తేడా గమనించండి: గొడ్డలి పడిన అడవి మళ్ళీ లేచింది, వేళ్ళు పెకలించిన అడవి లేవలేదు.

7. గట్టునూ గడ్డినీ చదవండి

అడవి అంచున ఒక కందకం, దాని లోపలి పక్కన మట్టి గట్టు కనిపిస్తే ఆగండి. మధ్యయుగంలో తవ్వినది. కందకం బయటికి, గట్టు లోపలికి ఎందుకంటే, మేసే పశువు లోపలికి రాకూడదు. కొత్త పిలకను గొడ్డు కొరికితే పదేళ్ళ కోత పోతుంది. పశువులు మేసే చోట చెట్టును వాటి నోటికందని ఎత్తులో, తలకు పైన నరికేవారు.

హేలీ చరిత్ర 1251లో ఈలీ బిషప్పు ఆస్తుల పట్టీలో దొరుకుతుంది. హేలీ అనే అడవి, ఎనభై ఎకరాలు, అని అందులో ఉంది. పక్కన తర్వాత పెరిగిన చెట్లతో కలిపి ఇప్పుడు అది యాభై హెక్టార్లు దాటింది. ఆ పాత పట్టీలనూ ఈ గట్లనూ పక్కపక్కన పెట్టి చదవడం నేర్పినవాడు కేంబ్రిడ్జ్ కార్పస్ క్రిస్టీ కాలేజీ వృక్షశాస్త్రజ్ఞుడు ఆలివర్ రాకమ్. 1939లో పుట్టి 2015లో పోయాడు. 1975లో హేలీ గురించి పుస్తకం, 1986లో బ్రిటన్ పల్లెసీమ చరిత్ర వెలువరించాడు. జీవితమంతా చేతిలో నోటు పుస్తకంతో ఇలాంటి అడవుల్లోనే తిరిగాడు. చరిత్ర చదివేవాళ్ళు అడవికి పోరు, అడవికి పోయేవాళ్ళు చరిత్ర చదవరు. ఆయన రెండూ చేశాడు.

మొక్కలు కూడా సాక్ష్యం చెబుతాయి. వుడ్ అనెమొనీ వందేళ్ళకు ఆరడుగులు మాత్రమే పాకుతుందంటారు. అది చాప పరిచినట్టు ఉంటే ఆ నేల ఎన్ని శతాబ్దాలుగా అడవో మీరే లెక్క వేసుకోండి. ఒకచోట మాత్రం గుంపుగా నెటిల్ దురదమొక్కలు లేచాయంటే మట్టిలో ఫాస్ఫేటు పేరుకుందని అర్థం. ఎప్పుడో అక్కడ మనుషులో పశువులో ఉండి ఉంటారు.

8. అడవికి అసలు శత్రువు ఎవరో గుర్తించండి

బొగ్గు, రైళ్ళు వచ్చాక వంటచెరకు బేరం తగ్గింది. కోత ఆగిన అడవుల్లో నీడ కమ్మి పూలు తగ్గాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నిటిని దున్నేశారు, కొన్నిటిలో సూదాకు చెట్లు నాటారు. అలాంటి కాలంలో, 1962లో, కేంబ్రిడ్జ్‌షైర్ ప్రకృతి ప్రేమికుల ట్రస్టు హేలీని కొని కాపాడింది.

ఇప్పటి బెడద వేరు. తోడేళ్ళు లేని దేశంలో జింకలకు అడ్డు లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వోబర్న్ జమీందారీ పార్కుకు తెచ్చిన చైనా ముంట్‌జాక్, అంటే మన తూర్పు కనుమల్లోని మొరిగే జింకకు దాయాది, బయటపడి దక్షిణ ఇంగ్లండంతా పాకింది. పిలకలు, ఆక్స్‌లిప్, బ్లూబెల్ అన్నీ మేస్తుంది. హేలీలో ఎత్తైన కంచె కనిపించేది జింకలవల్లే. కంచె లోపల పూలు, బయట వెలితి. జింకల సంఖ్య తగ్గించడానికి అక్కడ కాల్పులు కూడా జరుగుతాయి. వినడానికి మనకు కష్టంగానే ఉంటుంది. కానీ మేత మేసేది ఉండి, దాన్ని వేటాడేది లేకపోతే ఆ పని మనిషి మీదే పడుతుంది.

ఇంకొకటి యాష్ డైబ్యాక్. బూజు జాతి తెగులు. 2012లో బ్రిటన్‌లో గుర్తించారు. యాష్ చెట్లలో అత్యధిక భాగం దీనికి పోతుందని అంచనా. దీనికంటే ముందు ఎల్మ్ చెట్లు కోట్లలో తెగులుకు పోయాయి. మనం చేయగలిగింది చిన్న పని: ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోయే ముందు బూట్ల మట్టి బ్రష్షుతో దులిపేయండి. తెగుళ్ళు మట్టితో కూడా ప్రయాణం చేస్తాయి. గాలి గట్టిగా వీచే రోజున అసలు పోకండి, తెగులు సోకిన యాష్ కొమ్మ చెప్పి విరగదు.

9. పడిన చెట్టును అక్కడే ఉండనివ్వండి

శుభ్రంగా ఊడ్చిన వాకిలి చూసి మురిసిపోయే అలవాటు మనది. ఆ కళ్ళతో చూస్తే కుళ్ళిన మానులున్న అడవి చూసుకునే దిక్కులేనిదిగా కనిపిస్తుంది. 1987 అక్టోబరు 15 రాత్రి తుపాను గాలికి దక్షిణ ఇంగ్లండులో కోటీ యాభై లక్షల చెట్లు కూలాయి. కంగారుపడి యంత్రాలతో ఊడ్చేసిన చోట్ల కింది నేల దెబ్బతింది. వదిలేసిన చోట్ల పడిన చెట్లే కొన్ని చిగిర్చాయి, ఖాళీ అయిన చోట మొలకలు లేచాయి. కుళ్ళిన మాను మీద పుట్టగొడుగులు, లోపల పురుగులు, వాటిని తినే పిట్టలు. చచ్చిన చెట్టు మీద బతికేవి బతికున్న చెట్టు మీద బతికేవాటికి తీసిపోవు. కాబట్టి పిల్లలు మానెక్కి గెంతుతుంటే, బెరడు మాత్రం పీకవద్దని చెప్పండి.

10. తినేదీ ముట్టేదీ తెలిసి ముట్టండి

ఆగస్టు, సెప్టెంబరులో దారి పక్క బ్లాక్‌బెర్రీలు కోసుకుని తినవచ్చు. సొంతానికి కోసుకునే అడవి పండును చట్టం దొంగతనం అనదు. కుక్కలు నడిచే దారి కాబట్టి మోకాలికి కిందివి వదిలేయండి.

వసంతంలో వెల్లుల్లి వాసనతో ఆకుకూర ఒకటి తివాచీలా పరుచుకుంటుంది. మన ఆడవాళ్ళు దాన్ని చూడగానే పప్పులోకి, పచ్చట్లోకి అనుకుంటారు. అది తినేదే. దాని మధ్యనే లార్డ్స్ అండ్ లేడీస్ అనే విషపు మొక్క లేత ఆకు కూడా ఉంటుంది, చేమ కుటుంబానిది. పచ్చి చేమ కొరికితే గొంతు ఎలా పట్టేస్తుందో ఇదీ అంతే, అంతకంటే ఎక్కువే. గుప్పెడు గుప్పెడు పీకకుండా ఒక్కో ఆకూ వాసన చూసి తెంపండి, అదీ అనుమతి ఉన్న చోటే. రక్షిత వనంలో అసలు కోయకండి. నేలంతా పరుచుకునే డాగ్స్ మెర్క్యురీ ఆముదం కుటుంబానిది, అదీ విషమే. పుట్టగొడుగుల జోలికి మాత్రం పోవద్దు. అక్కడి డెత్ క్యాప్ ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి.

ఇంటికొచ్చాక స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే తల వెంట్రుకల్లో పిడుదులున్నాయేమో చూడండి. నువ్వుగింజంత ఉంటాయి. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మన ఊరి వైద్యం, ఇక్కడ వద్దు. తర్వాతి వారాల్లో కుట్టిన చోట ఎర్రగా వలయం పాకితే, జ్వరం వస్తే అది లైమ్ వ్యాధి కావచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పిడుదు సంగతి చెప్పండి. తొలిదశలో యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది.

11. గొంతు తగ్గించండి, పలకరింపు మానకండి

లండన్ ట్యూబ్ రైల్లో పక్కవాడి మొహం చూడని ఇంగ్లీషువాళ్ళు అడవి దారిలో ఎదురైతే తప్పకుండా "మార్నింగ్" అంటారు, వాన గురించి ఒక ముక్క చెబుతారు. మీరూ అనండి. మాట కలిసిందంటే ఏ మూల ఏ పువ్వుందో వాళ్ళే చూపిస్తారు. హేలీలో ఒక పెద్దాయన కొట్టిన మడి దగ్గర నన్ను నిలబెట్టి, ఏ పిలక ఏ చెట్టుదో ఒక్కొక్కటీ అడిగాడు. నేను యాష్ మొగ్గ నల్లగా ఉంటుందని చెప్పాక, "అయితే మీరు మా మనిషే" అన్నాడు.

వందమంది కలిసి వెళ్ళే సంఘం పిక్నిక్‌కు ఇలాంటి చిన్న అడవి సరికాదు, దానికి పార్కులున్నాయి. స్పీకరు తేకండి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున బ్లాక్‌బర్డ్, రాబిన్, రెన్, మధ్యధరా ప్రాంతం నుంచీ ఆఫ్రికా నుంచీ వచ్చిన చిఫ్‌చాఫ్ అన్నీ కలిసి పాడుతుంటే ఇంకో పాట అక్కర్లేదు. గూళ్ళు పెట్టే కాలంలో మన గోలకు తల్లి పిట్ట గుడ్లు వదిలి లేస్తుంది. పులిహోర కట్టుకెళ్ళండి, దారి మీద కూర్చుని తినండి, కట్టిన ఫాయిలు జేబులో పెట్టుకుని తెచ్చేయండి. నిప్పు మాత్రం రాజేయకండి.

చివరగా అక్కడ స్థిరపడిన మన పిల్లలకు ఒక మాట. 2010 ఆఖరులో ప్రభుత్వ అడవులను అమ్మాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఐదు లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టారు. 2011 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ ఆలోచన విరమించుకుంది. ఈ అడవులు అలా కాపాడుకున్నవే, తమంతట తాము మిగిలినవి కావు. హేలీ లాంటి చోట్ల చలికాలంలో మడులు కొట్టేది కూలీలు కాదు, సెలవు రోజున వచ్చే వాలంటీర్లు. వారిలో మన ముఖాలు బాగా తక్కువ. ఆ దేశపు జీతం తింటున్నాం, ఆ దేశపు పూలతో ఫొటోలు దిగుతున్నాం. ఏడాదికి ఒక్క ఆదివారం రంపం పట్టుకోవడం పెద్ద పనేం కాదు. మీ ఇంటికి దగ్గరలోని వైల్డ్‌లైఫ్ ట్రస్టుకు రాయండి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళను కూడా తీసుకెళ్ళండి. పుల్లలు కట్టలు కట్టడం మా తరానికి బాగా వచ్చిన పని.